కూతకు జవాబు వచ్చేదాకా

మొన్న మా ఇంటికి వచ్చిన చుట్టాలావిడ మా పెద్దమ్మాయి చేతిలో లడ్డూ పెట్టబోయింది. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని "వద్దు" అంది. దానికి నాలుగేళ్ళు నిండాయి. మా అత్తగారు "ఆడపిల్ల నోట్ల అంత గట్టిగ వద్దనుడేంది?" అన్నారు. నేను కూడా పిల్లనే కసిరి లడ్డూ తీసుకొనేలా చేశాను. అది తినకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. చివరికి చీమలు పట్టాయి.

అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అయిదేళ్ళు ఉద్యోగం చేసి ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు నేను నేర్పింది ఏమిటి, నా ఇంట్లో నేను చేసింది ఏమిటి? ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. రెండో పిల్ల పుట్టాక ఎర్ర బస్సుల్లో తిరగడం నా వల్ల కాలేదు. ఇప్పుడు ఆ ఉద్యోగంలోకి కొత్తగా వెళ్తున్న చెల్లెళ్ళు కొందరు నన్ను అడుగుతుంటారు, "అక్కా, అక్కడ ఏం నేర్చుకున్నావు?" అని. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. నేను చెప్పబోయే ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి పేరు ఒకరు పలికేవాళ్ళు కూడా కాదు.

నా ఉద్యోగం మహారాష్ట్రలోని సిరొంచ వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో. బి.ఏ. చదివాను, మరాఠీ రాయగలను, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఈ మూడూ ఉన్న మనిషి దొరకడం కష్టమని ఆరోగ్య ప్రచారానికి తీసుకున్నారు. ఊళ్ళలో నన్ను ప్రచార్ బాయి అనేవాళ్ళు. సంచిలో రక్తం పట్టే మాత్రలు, చంకలో బొమ్మల అట్టలు. ప్రతి అట్ట మీదా ఒక మీసాలాయన, ఒక చీరావిడ, ఇద్దరు పిల్లలు, మూలన కుటుంబ నియంత్రణ గుర్తు, ఎర్ర త్రికోణం. ఆ మీసాలాయన ఏ అట్టలోనూ నవ్వడు. చీరావిడ అన్నిటిలోనూ నవ్వుతుంది.

మా కేంద్రంలో పెద్ద నర్సు సిరొంచలోనే పుట్టి పెరిగిన ముస్లిం ఇంటి మనిషి. ఇరవై ఏళ్ళ సర్వీసు. డాక్టరుతో సహా అందరూ ఆమెను ఆపా అనేవాళ్ళు. చేరిన వారంలోనే ఆమె నాకు ఒక చిట్కా నేర్పింది. అట్టలు తిప్పేటప్పుడు పుస్తకంలో ఉన్నట్టు "వద్దనిపిస్తే వద్దని చెప్పండి" అంటే అనవచ్చు గానీ, కాన్పయిన భార్యను మొగుడు వదిలిపెట్టకపోతే, ఆ భార్యకు "నువ్వు వద్దని చెప్పు" అని ఉపన్యాసం ఇవ్వకూడదు. ఆమె చెప్పలేకపోతుంది, చెప్తే దెబ్బలు తింటుంది. మొగుణ్ణి పిలిచి, "డాక్టర్ సాబ్ మూడు నెలలు ముట్టొద్దన్నడు, ముడితే మనిషి దక్కదు" అని మనమే చెప్పాలి. డాక్టరు అన్నాడా లేదా అన్నది మనకు అనవసరం.

"మగోనికి పెండ్లాం మాట ఇనబడదు బేటీ, డాక్టర్ మాట ఇనబడ్తది," అనేది ఆపా. "ఇది సర్కారీ అబద్ధం. దీనికి పాపం లేదు."

ఆ అబద్ధం నేను ఎంత మందికి చెప్పానో! ప్రతిసారీ పని చేసింది. అందుకే నాకు అంత నమ్మకం కుదిరింది. ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ తోచలేదు. ఆ అబద్ధంతో ఆడవాళ్ళ ఒళ్ళు కాచానేమో గానీ, వాళ్ళ నోరు మాత్రం నా సంచిలో వేసుకుని తిరిగాను.

ఆ ఇద్దరినీ మొదట చూసింది ఒక ఊరి బడి అరుగు మీద, నేను అట్టలు తిప్పుతున్నప్పుడు. ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు అది. ఒకామె నావ నడిపేవాళ్ళ బిడ్డ, ఇరవై ఆరేళ్ళు ఉంటాయి, మొగుణ్ణి వదిలి వచ్చింది. ఆమెను ఏటామె అంటాను. రెండో ఆమెకు ఒకటి రెండేళ్ళు తక్కువ, లోపలి అడవి ఊరి గోండు కుటుంబం నుంచి వచ్చింది. ఆమెను అడవామె అంటాను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. నేను మూడో అట్ట తిప్పుతుండగా ఏటామె లేచి నిలబడింది.

"బాయీ, మీసాలాయన లేని బొమ్మ ఒక్కటన్న లేదా నీ దగ్గర?"

"ఎందుకు?"

"మా ఇంట్ల మీసాలు లేవు మరి. మాకు పనికచ్చేది ఉంటే చూపియ్యి, లేకుంటే పోయి కట్టెలన్న తెచ్చుకుంటం."

అరుగు అరుగంతా నవ్వింది. అడవామె ఆమె కొంగు పట్టి కిందికి లాగింది. "ఊకో సోపతీ, ఇజ్జత్ తీస్తున్నవ్."

ఆ వైపు కొన్ని ఊళ్ళలో సోపతి కట్టుకోవడం అని ఒక ఆచారం. ఇద్దరు ఆడవాళ్ళు ఏటి నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి, ఒకే ఆకులో ఇంత అన్నం తిని, మాట ఇచ్చుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకరు, సోపతీ అనే పిలుచుకుంటారు. సోపతి ఏది అడిగినా రెండో సోపతి వద్దు అనకూడదు. సోపతులు ఒక ఇంట్లో ఉంటే ఎవరూ వింతగా చూడరు. ఆ ఇద్దరి మధ్య ఉన్నది స్నేహం మాత్రమే కాదని ఊళ్ళో తెలుసు. తెలిసినా ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. మా శిక్షణ పుస్తకంలో మాత్రం వాళ్ళకు పేజీ లేదు.

ఏటామె నోరు అప్పటికే పేరు మోసింది. ఎండాకాలం బీడీల తునికాకు కోసి కట్టలు కట్టి కల్లానికి తెస్తే, అక్కడ ఆకు కొనే కల్లేదారు ఆకుకు చిల్లులున్నాయని ఆమె కట్టను పక్కకు విసిరాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. "నీ మొకం మీద అమ్మోరు మచ్చలు లేవా? నిన్ను ఎవలన్న ఇసిరి పారేసిన్రా?" అంది. అతను కట్టను తీసి మళ్ళీ వరసలో పెట్టాడు. ఇంత ధైర్యం ఉన్న మనిషికి నేను నేర్పేది ఏముంటుంది అనుకున్నాను.

మరుసటి ఏడాది మాఘం దాటాక ఒక సంత రోజు ఆమె మా కేంద్రానికి వచ్చింది. అందరూ వెళ్ళిపోయేదాకా బల్ల చివర కూర్చుంది.

"బాయీ, ఒకటి అడుగుత. నవ్వద్దు, రాయద్దు."

నేను రిజిస్టరు మూశాను.

"వద్దనిపిస్తే మొగనికి వద్దని చెప్పాలె అని ఊర్ల చెప్తవు గద. మొగడు గాకుంటె ఎట్ల చెప్పాలె?"

ఆమె నా ముఖం చూడకుండా గోడ మీది అట్ట వైపు చూస్తూ చెప్పుకుపోయింది.

"మొగని దగ్గర మూడేండ్లున్న. ఆడు చెయ్యేస్తే మొద్దు లెక్క పండుకుంటుంటి. మొద్దయితే జల్ది అయిపోతది. అదే అలవాటైంది. ఈడ గట్ల గాదు. సోపతి చెయ్యంటే నాకిష్టం. మస్తు ఇష్టం. కని ఒక్కోపాలి నేను నిద్రల ఉన్నప్పుడో, నా తీరుల నేను ఉన్నప్పుడో చెయ్యి పడ్తది. అది ఎవరి చెయ్యో నా పానానికి తెల్వది. మల్ల మొద్దయిపోత. ఆమెకు ఏం తెల్వది పాపం, మంచిగనే ఉన్న అనుకుంటది."

"చెప్పరాదు మరి?"

"సోపతికి వద్దనరాదు బాయీ. నీళ్ళల్ల నిలబడి మాటిచ్చినం."

"ఇప్పుడేం చేస్తున్నవ్?"

"లొల్లి పెట్టుకుంటున్న. కూరల ఉప్పు లేదని, తలుపు వెయ్యలేదని. లొల్లయితే అటు తిరిగి పంటది గద. నిన్న ఏడ్సింది. నేనంటె నీకు మొకం మొత్తింది అన్నది. ఇంకో నెల గిట్లనే అయితే పోతది. మా అవ్వ గోదారవుతల సంబంధం చూస్తున్నది. సోపతి లేకుంటె నేను ఆడికి పోవుడే. ఇగ ఎప్పటికి మొద్దునే."

కల్లేదారును అంత మందిలో నిలబెట్టి కడిగిన మనిషి నా ముందు కూర్చుని, ఒక్క చిన్న మాట అనడానికి దారి అడుగుతోంది. ఆ మాటకొస్తే నాకు మాత్రం ఏం తెలుసు? పెళ్ళయి ఏడాది అయింది. మా ఆయన నాగేపల్లిలో బడి పంతులు, మంచి మనిషి. ఆయనతో నేను వద్దు అన్న రోజు లేదు, కావాలి అన్న రోజూ లేదు. అది ఇంకొకరికి నేర్పడం నా ఉద్యోగం.

"నేను చూసుకుంట తియ్యి," అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

రెండు రోజుల తర్వాత వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఏటామె నావ రేవు దగ్గర ఉంది. అడవామె ఒక్కతే వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోసి ఏరుతోంది. నేను పక్కన కూర్చుని, మొగుళ్ళకు చెప్పే గొంతుతోనే చెప్పాను.

"నీ సోపతికి ఒంట్ల మంచిగ లేదు. మూడు నెలలు పక్కల ముట్టొద్దని డాక్టర్ సాబ్ చెప్పిండు."

ఆమె పువ్వు ఏరడం ఆపింది. "ఏమైంది?"

"రక్తం తక్కువున్నది."

"నేను ముడితే ఆమెకు నొప్పి అయితదా?"

"మూడు నెలలే..."

"అయితదా, కాదా?"

"అయితది," అన్నాను.

ఆమె నేనిచ్చిన మాత్రల పొట్లాన్ని రెండు చేతులతో తీసుకుంది. దారిపొడవునా నా తెలివికి నేనే మురిసిపోతూ సిరొంచ చేరాను.

పది రోజులకు ఏటామె మా కేంద్రంలోకి గాలిలా వచ్చింది. "ఏం చెప్పినవ్ బాయీ? మా ఇంటికొచ్చి ఏం చెప్పినవ్?"

అడవామె వెళ్ళిపోయింది. తన చాప మడిచి, కొడవలి తీసుకుని, అడవి లోపల మేనత్త ఊరికి పోయింది. మాత్రల పొట్లం పక్కింటామె చేతిలో పెట్టి, "రోజుకొక్కటి సోపతికియ్యి, మరువద్దు," అని చెప్పిందట. ఎందుకు పోతున్నావంటే, "నా చెయ్యి ఆమెకు రోగమట. ఈడనే ఉంటె నా చెయ్యి ఊకోదు," అందట.

ఏటామె ఆ మాత్రల పొట్లాన్ని నా బల్ల మీద పెట్టింది. అన్ని మాత్రలూ అలాగే ఉన్నాయి.

ఆపా పక్క గదిలోంచి అంతా విని వచ్చింది. ఏటామెకు నీళ్ళిచ్చి కూర్చోబెట్టి, నన్ను మందుల గదిలోకి లాక్కుపోయింది.

"దీవానీ! ఆ అబద్ధం మగోళ్ళకు. మగోడయితే మూడు దినాలు మూతి ముడుసుకొని ఆడ్నే ఉంటడు. పానం పెట్టి బతికేటోళ్ళకు చెప్తే నిజమే అనుకొని లేసిపోతరు!"

"నీకు వీళ్ళ సంగతి ముందే తెలుసా ఆపా?"

"తెల్వకేంది? ఇద్దరున్నరు, మంచిగ బతుకుతున్నరు. నాకేం నొప్పి?"

"ఇప్పుడెట్ల మరి?"

"పోయి అబద్ధమని చెప్పు. నౌకరీ ఏం పోదు. జర ఇజ్జత్ పోతది, పోనీ."

కానీ ఆ తర్వాత రెండు నెలలూ సర్వే పని మీద పడింది, సెలవు దొరకలేదు. ఏటామె ఒక్కతే ఒకసారి వెళ్ళి వచ్చింది. "నన్ను చూడంగనే లోపటికి పోయి తలుపేసుకున్నది. నా పానం కోసమేనట," అంది. వాళ్ళ అమ్మ అవతలి ఒడ్డు సంబంధం వాళ్ళకు మాట ఇవ్వడానికి తునికాకు అయిపోయే రోజు పెట్టుకుంది. చివరికి ఆకు మొదలైన వారంలో ఆపా నా పని తను చూసుకుంటానని నన్ను పంపింది.

అహేరి బస్సులో సగం దూరం పోయి, దిగి నడిచాం. సాయంత్రానికి ఊరు చేరితే అడవామె మమ్మల్ని చూసి నవ్వబోయి, ఆగిపోయింది. అన్నం తెచ్చి ఏటామెకు నాలుగు బారల దూరంలో నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. అమ్మవారు పోసిన వాళ్ళకు కూడా ఎవరూ అంత దూరంగా ఉండరు.

నేను మేనత్త ఇంటివాళ్ళందరి ముందే చెప్పాను. "నేను చెప్పింది అబద్ధం. ఆమెకు రోగం లేదు. డాక్టర్ ఏమీ చెప్పలేదు."

అడవామె ఇంకొంచెం వెనక్కి జరిగింది. "నువ్వు సర్కారు మనిషివి బాయీ. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? ఒకవేళ ఇదే అబద్ధమయితే? సోపతి పానం తోని ఆడుకోను నేను."

నేను ఏటామె వైపు చూశాను. ఆమె అన్నం ముద్ద చేతిలో పట్టుకుని కూర్చుంది. నేను మళ్ళీ నోరు తెరవబోతే, "నువ్వు చెప్పకు బాయీ. నువ్వు చెప్పినందుకే గిట్లయింది," అంది. ముద్దను తిరిగి పెట్టేసి, అటు తిరిగి కూర్చుంది.

తెల్లవారకముందే ఊరి ఆడవాళ్ళంతా ఆకుకు బయల్దేరారు. మేమూ వెళ్ళాం. నాకు అది మొదటిసారి కాబట్టి అడవామె మేనత్త నాకు ఒక గోనె ఇచ్చి, దారిలో పద్ధతి చెప్పింది.

"అడవిల పడ్డంక ఎవరికెవరు కనబడరు. కూత పెట్టాలె. కూ అంటే అవుతలి మనిషి కూ అంటది. జవాబొస్తనే అటు దిక్కు కదులు. రాకుంటె ఉన్న కాడ్నే నిలబడు."

"ఏమైందో చూడొద్దా?"

"వద్దు. మనిషి సప్పుడు జేస్తలేదంటె ఎదురుంగ గుడ్డెలుగున్నదో, పామున్నదో. నువ్వు ఉరికితే అది ఆమె మీద పడ్తది. తెల్వని కాడికి ఉరుకద్దు."

"అలిగి జవాబియ్యకుంటె?"

"అలిగినా గంతే. ఎందుకియ్యలే అని వెనకొచ్చి గూడ అడుగద్దు. ఆమె మతలబ్ ఆమెకెరుక."

వెలుతురు వచ్చేసరికి ముప్పై మంది ఎక్కడివాళ్ళక్కడ అడవిలో కలిసిపోయారు. నాకు ఆకులూ కొమ్మలూ తప్ప మనుషులు కనబడటం లేదు. అటు ఒక కూత, ఇటు ఒక జవాబు, ఇంకో మూల నుంచి ఇంకో కూత. అడవంతా ఒక పెద్ద ఇల్లయినట్టు, అందులో ఆడవాళ్ళు గది నుంచి గదికి పలకరించుకుంటున్నట్టు ఉంది. నేను సర్కారు ఉద్యోగినని, డిగ్రీ చదివానని అన్నీ మర్చిపోయి నోరు తెరుచుకుని విన్నాను.

అడవామె నాకు కొంచెం దూరంలోనే ఉంది. అంతవరకు ఏటామె ఉన్న వైపుకు ఒక్క కూత కూడా పెట్టలేదు. ఆకు చిక్కగా ఉన్న చోటికి వచ్చాక, అటు ఏటామె తప్ప ఎవరూ లేకపోవడంతో కూత పెట్టింది.

"కూ..."

జవాబు రాలేదు.

ఆమె ముందుకు వేయబోయిన కాలు గాలిలోనే ఆగింది. దాన్ని నెమ్మదిగా వెనక్కి తెచ్చి పెట్టుకుంది. మేనత్త చేయి కొమ్మ మీద ఆగిపోయింది. కూతలన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ముప్పై మంది ఆడవాళ్ళు కొడవళ్ళు, ఆకులు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అడవామె ముఖంలో రక్తం లేదు. అటు పరుగెత్తాలని ఆమె ఒళ్ళంతా లాగుతోంది, నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె కదల్లేదు. అంత ప్రేమ అంత కదలకుండా నిలబడటం ఆ పొద్దు తప్ప నేను ఎప్పుడూ చూడలేదు.

చాలాసేపటికి అటు నుంచి సన్నగా, కొంచెం వణుకుతూ, "కూ" వచ్చింది. అడవి మళ్ళీ ఊపిరి తీసుకుంది. ఏటామె ఆకుల్లోంచి బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుడ్డెలుగూ లేదు, పామూ లేదు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఎండ ఎక్కాక ఊళ్ళో పందిరి కింద కూర్చుని కట్టలు కట్టాం. యాభై ఆకులు పేర్చి నారతో బిగించాలి. ఏటామె వచ్చి అడవామెకు ఎదురుగా కూర్చుంది, నాలుగు బారల దూరం పాటిస్తూనే.

"పొద్దుగాల నేను జవాబియ్యలే. నువ్వు ఆగినవ్."

"ఆగాలె గద."

"కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? భయమైంది. ఆగిన."

"ఎందుకియ్యలే అని అడుగవా?"

"అడవిల అడుగరు."

ఏటామె చేతిలోని ఆకులు కింద పెట్టింది. "అయితే ఇంట్ల గూడ అడుగకు సోపతీ."

నా చేతిలో నార ముడి జారి కట్ట విడిపోయింది.

"నీకు నేను వద్దనలేను. మాటున్నది. కని జవాబియ్యకుంట ఉండద్దని మాట లేదు గద. ఇంట్ల గూడ నువ్వు ఫస్టు కూత పెట్టు. జవాబొస్తే రా. రాకుంటె ఆడ్నే ఆగు. నడుమల నా సప్పుడు బందయితే నడుమల్నే ఆగు. నాకు రోగం లేదు, నీ చెయ్యి రోగం గాదు. నా నిద్రల ఆ మొగోడు ఇంక పోలే. నీ చెయ్యి చెప్పకుంట వస్తే అది ఆని చెయ్యనుకొని మొద్దయిపోతున్న."

అడవామె మెల్లగా అడిగింది. "ఎన్నిపాల్లు?"

"ఏంది?"

"నా పక్కల ఎన్నిపాల్లు మొద్దయినవ్?"

"లెక్కెవరు పెట్టిన్రు."

"ఆకు లేతదో ముదురుదో కండ్లు మూసుకొని తాకి చెప్త నేను," అంటూ అడవామె ఏడ్చేసింది. "నీ పానం తాకి తెల్సుకోలే గదనే."

నా కట్ట రెండోసారి విడిపోయింది. పక్కనున్న మేనత్త తల ఎత్తకుండానే, "కట్ట మీద మనసు పెట్టు బాయీ. చెవులతోని కడితే కట్ట నిలువది," అంది. తను మాత్రం ఒక్క మాటా వదలకుండా వింటోంది.

అడవామె ముక్కు తుడుచుకుంది. నేను అనుకున్నాను, ఇక అయిపోయింది, బయల్దేరడమే అని. అప్పుడు ఆమె గొంతు మారింది.

"సరే, నేను ఆగుత. మరి నువ్వు ఎప్పుడన్న కూత పెట్టినవా? రెండేండ్ల సంది నేనే వస్తున్న. ఒక్కపాలి నువ్వు పిలిసినవా నన్ను? నేను అడవిల ఒక్కదాన్నే కూత పెట్టుకుంట తిరుగుతున్నట్టున్నది. నాకు ఎవరు పెడ్తరు కూత?"

ఏటామె వద్దు అనలేకపోవడం ఒక్కటే తన కష్టం అనుకుని అంత దూరం వచ్చింది. రా అని కూడా ఎన్నడూ అనలేదన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది.

"నాకు పిలుసుడు రాదే," అంది చివరికి, చిన్న గొంతుతో. "ఎవరు నేర్పిన్రు నాకు?"

"నేర్సుకో. కల్లేదారును తిట్టుడు నేర్సుకోలేదా?"

ముందు నవ్వింది మేనత్త. తర్వాత ఏటామె. నవ్వుతూనే జరిగి జరిగి ఆ నాలుగు బారల దూరమూ దాటి, అడవామె మోకాలి దగ్గర ఆగింది. అక్కడ కూర్చుని చాలా మెల్లగా, పక్కవాళ్ళకు వినబడకుండా అనుకుని, అందరికీ వినబడేలా "కూ" అంది. అడవామె సిగ్గుతో ఆకులు ముఖానికి అడ్డం పెట్టుకుని జవాబిచ్చింది.

గోదావరి అవతల సంబంధానికి ఏటామె వాళ్ళ అమ్మ ఏ సాకు చెప్పిందో నాకు తెలియదు. ఆకు అయిపోయాక ఇద్దరూ కలిసే ఏటి ఒడ్డుకు వచ్చారు.

తర్వాత నేను సర్కారీ అబద్ధం చెప్పడం పూర్తిగా మానేశానని రాస్తే అది ఇంకో అబద్ధం. కొన్ని ఇళ్ళలో అది తప్ప ఇంకో దారి లేదు. కానీ చెప్పే ముందు ఆ ఇంటి ఆడమనిషిని ఒక్కమాట అడగడం నేర్చుకున్నాను: "నేను చెప్పాల్నా, నువ్వే చెప్తవా?" ఎక్కువ మంది "నువ్వే చెప్పు బాయీ" అనేవాళ్ళు. ఎప్పుడో ఒకామె కాసేపు ఆలోచించి, "ఆగు, నేనే చూస్త" అనేది. ఆ ఒకామె కోసం మిగతా ఇళ్ళు తిరగవచ్చు. ఒక అట్ట మీద మీసాలాయన మీద తెల్ల కాగితం అతికించాను. తనిఖీకి వచ్చిన పెద్దాయన "ఈయన ఏమయ్యాడు?" అని అడిగితే, పురుగులు తిన్నాయని చెప్పాను. మా ఇంట్లో కూత పెట్టే ధైర్యం నాకు రాలేదు గానీ, రాత్రి రేడియో కట్టేస్తే ఒక అర్థం, మోగుతూ ఉంటే ఇంకో అర్థం అని మా ఆయనకూ నాకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాన్ని అడిగి కుదుర్చుకున్నది నేనే.

రేపు పొద్దున మా పెద్దమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని, లడ్డూ సంగతిలో తప్పు నాది అని చెప్పాలి. మా అత్తగారు వింటుండగానే చెప్పాలి.

ఇంకొక్క సంగతి రాయాలి. ఆ ఏడాదే వానలు వెనకబట్టాక టీకాల పని మీద ఆ ఊరికి వెళ్ళాను. మధ్యాహ్నం వాళ్ళ గడప మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాను. ఏటామె లోపల ఉంది. నాకు నీళ్ళిచ్చి, తల నొస్తున్నదని వెళ్ళి పడుకుంది. అంతలో అడవామె తల మీద కట్టెల మోపుతో వచ్చింది. మోపు దించి, నన్ను చూసి నవ్వి, తలుపు దగ్గర నిలబడి లోపలికి చిన్నగా "కూ" అంది.

జవాబు రాలేదు.

నేను ఆమె ముఖం వైపు చూడకుండా ఉండలేకపోయాను. అక్కడ అలక లేదు, అవమానం లేదు, ప్రశ్న లేదు. వచ్చి నా పక్కన కూర్చుంది. కాళ్ళకు గుచ్చుకున్న ముళ్ళు ఒక్కొక్కటే తీసుకుంటూ, మా ఆపా ఎలా ఉంది, మా ఊళ్ళో వానలెలా పడ్డాయి అని అడిగింది. జవాబు రాని కూతను పక్కన పెట్టుకుని అంత నిమ్మళంగా కూర్చున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఎన్ని ఇళ్ళ గడపల మీద కూర్చున్నాను నేను! మొగుళ్ళను చూశాను, భార్యలను చూశాను, నన్ను నేను చూసుకున్నాను.

చాలాసేపటికి, మేము వానల నుంచి ఇప్పపువ్వు మీదికి, ఇప్పపువ్వు నుంచి ఇంకేదో మీదికి మాటలు మార్చాక, ఇంటి లోపలి నుంచి ఒక కూత వచ్చింది. ఏటామెది. ఈసారి ఆమే ముందు పెట్టింది.

అడవామె చేతిలోని ముల్లు పారేసి, నా వైపు చూసి, చూపు తిప్పుకుని, "కూ" అంది. లేచింది.

నేను మాత్రల సంచి, అట్టలు తీసుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, అడుగుల చప్పుడు కాకుండా వాకిలి దాటాను.